జన్మహక్కు యాత్ర: పది రోజుల బస్సు ప్రయాణం యూదు యువతకు ఏం ఇస్తోంది, ఏం చూపించడం లేదు

ఇజ్రాయెల్ దక్షిణాన నెగెవ్ ఎడారిలో ఒక పెద్ద డేరా. నేల మీద వరసగా పరుపులు. అర్ధరాత్రి దాటేదాకా మంట చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకున్న నలభై మంది యూదు యువతీయువకులు అప్పుడే నిద్రలోకి జారుకున్నారు. మూడున్నరకల్లా గైడ్ వచ్చి లేపేస్తాడు. ఒకరికి బూటు దొరకదు, ఇంకొకరికి వాటర్ బాటిల్ కనిపించదు. చీకట్లోనే బస్సెక్కి, కునికిపాట్లు పడుతూ మసాదా కొండ కిందకు చేరతారు. అక్కడి నుంచి కాలిబాట. మెలికలు తిరుగుతూ పోతుంది కాబట్టి దానికి పాము దారి అని పేరు. దాదాపు గంట ఎక్కాలి. పైకి చేరి, రొప్పుతూ రాళ్ల మీద కూలబడేసరికి మృత సముద్రానికి అవతల జోర్డాన్ కొండల వెనక నుంచి ఎర్రగా సూర్యుడు పైకొస్తాడు.

అప్పుడు గైడ్ కథ మొదలుపెడతాడు. క్రీస్తుశకం 73 ప్రాంతంలో రోమన్ సైన్యం ఈ కొండను చుట్టుముట్టింది. పైన ఉన్న 960 మంది యూదులు, బానిసలుగా బతకడం కన్నా చావే మేలనుకుని ప్రాణాలు తీసుకున్నారు. ఆ కాలపు చరిత్రకారుడు జోసెఫస్ రాసిపెట్టిన కథ ఇది. అది అయ్యాక అందర్నీ కొండ అంచుకు తీసుకెళ్తారు. అందరూ ఒక్క గొంతుతో హీబ్రూలో అరుస్తారు: ‘ఆమ్ యిస్రాయేల్ ఖాయ్’. ఇజ్రాయెల్ జాతి బతికే ఉంది అని అర్థం. ఒక్క క్షణం ఏమీ వినిపించదు. తర్వాత ఎదుటి కొండ అదే మాటను తిరిగి అప్పజెబుతుంది. చాలామందికి కళ్లనీళ్లు ఆగవు. ఏళ్ల తరబడి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గడప తొక్కని వాళ్లు కూడా పక్కవాళ్ల భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తారు.

పాతికేళ్లుగా వేల బస్సులు, కొద్దిపాటి మార్పులతో ఇదే ఉదయాన్ని చూస్తూ వచ్చాయి. ఆ కన్నీళ్లు నిజం. అవి వచ్చేలా ఆ రాత్రినీ, ఆ నడకనీ, ఆ అరుపునీ ఎవరో ఒక వరసలో పేర్చిపెట్టారన్నదీ నిజం. ఈ యాత్ర గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఏదో ఒక కొసే పట్టుకుంటారు. ఇష్టపడేవాళ్లు కన్నీళ్ల గురించి చెబుతారు, విమర్శించేవాళ్లు పేర్పు గురించి చెబుతారు. రెండూ కలిపి చూడకపోతే ఆ పిల్లల అనుభవం మనకు అర్థం కాదని నేను నమ్ముతున్నాను.

ఒకే యాత్రకు రెండు పేర్లు

ఈ కార్యక్రమం పేరు బర్త్‌రైట్ ఇజ్రాయెల్. 1999లో మొదలైంది. ఆ ఏడాది చివర్లోనే తొలి బృందాలు బయల్దేరాయి. ప్రధానంగా 18 నుంచి 26 ఏళ్ల లోపు యూదు యువతకు పది రోజుల ఇజ్రాయెల్ యాత్ర ఉచితం. మధ్యలో కొన్నేళ్లు వయోపరిమితిని 32 దాకా పెంచి, మళ్లీ తగ్గించారు. విమానం టికెట్టు, బస, బస్సు, చాలా పూటల భోజనం అన్నీ నిర్వాహకుల ఖర్చే. వెళ్లేవాళ్లు కట్టేది కొంత డిపాజిట్. యాత్ర అయ్యాక అదీ వెనక్కి వస్తుంది. ఇప్పటిదాకా 8 లక్షల మందికి పైగా వెళ్లొచ్చారు, అందులో ఎక్కువమంది అమెరికా వాళ్లు. ప్రపంచం మొత్తం మీద యూదుల జనాభా ఒకటిన్నర కోటి పైచిలుకు, అంటే మన తెలంగాణ జనాభాలో సగం కూడా కాదు. ఆ లెక్కన చూస్తే 8 లక్షలంటే మాటలు కాదు.

ఇంగ్లిష్ పేరులో ఉన్నది జన్మహక్కు. ఆ మాట వింటే మనకు తిలక్ గుర్తొస్తాడు. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు ఏశావు గుర్తొస్తాడు, ఆకలికి ఆగలేక పూటకూటి కోసం జ్యేష్ఠత్వాన్ని తమ్ముడికి వదులుకున్నవాడు. హీబ్రూలో మాత్రం ఈ కార్యక్రమాన్ని ‘తగ్లిత్’ అంటారు. కనుగొనడం అని అర్థం. ఇది పుట్టుకతోనే నీది, తీసుకో అని ఒక పేరు చెబుతోంది. వెళ్లి నీకు నువ్వుగా తెలుసుకో అని రెండో పేరు చెబుతోంది. యాత్ర గురించి ఇన్నేళ్లుగా నడుస్తున్న గొడవంతా ఈ రెండు పేర్ల మధ్యే ఉంది.

ఎవరి భయం, ఎవరి డబ్బు

1990లో అమెరికాలో యూదు జనాభా మీద ఒక జాతీయ సర్వే జరిగింది. 1985 తర్వాత పెళ్లి చేసుకున్న యూదుల్లో 52 శాతం మంది యూదులు కాని వాళ్లను చేసుకున్నారని అందులో తేలింది. ఆ లెక్క కట్టిన తీరు మీద తర్వాత పండితులు వాదులాడుకున్నారు, కొందరు దాన్ని 43 శాతానికి తగ్గించారు. కానీ అప్పటికే ఆ అంకె ఇంటింటికీ చేరిపోయింది. హిట్లర్ చేయలేని పని అమెరికా స్వేచ్ఛ చేస్తుందేమో అన్నంత బెంగ పెద్దవాళ్లలో పుట్టింది. ఇంకో రెండు తరాలకు మనవాళ్లంటూ మిగులుతారా అన్న ఆ భయాన్ని బయటివాళ్లు కొట్టిపారేయకూడదు. నాజీల మారణహోమంలో (హోలోకాస్ట్) అరవై లక్షల మందిని పోగొట్టుకున్న జాతికి జనాభా లెక్క పట్టిక లోపలి అంకెగా కనిపించదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ఈ టెన్షన్ వేరే విడమరచి చెప్పక్కర్లేదు. పిల్లలు ఇంట్లో అమ్మమ్మతో ఫోన్‌లో రెండు ముక్కలు తెలుగు మాట్లాడితే చాలనుకుని వారాంతాల్లో మనబడికి తీసుకెళ్లే వాళ్లకు, రేపు వీళ్లు ఎవర్ని చేసుకుంటారో అన్న ఆలోచన ఎక్కడో ఒక మూల ఉంటూనే ఉంటుంది. తేడా ఏమిటంటే, వాళ్ల వెనక తెలుగు మాట్లాడే కోట్లాది మంది ఉన్నారు. ఆ ధీమా యూదులకు లేదు.

పిల్లల్ని ఇజ్రాయెల్‌కు పంపాలన్న ఆలోచన 1990ల మధ్యలో యోసీ బేలిన్ అనే ఇజ్రాయెల్ రాజకీయ నాయకుడిది. పాలస్తీనియన్లతో ఓస్లో శాంతి ఒప్పందానికి దారి వేసిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. ఇజ్రాయెల్ ఇప్పుడు దానధర్మాల మీద బతికే దేశం కాదు, మీరు మాకు పంపే డబ్బుతో మీ పిల్లల్ని ఇక్కడికి పంపండి అని అమెరికా యూదులతో వాదించాడు. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అడిగిన ప్రతివాడికీ ఉచితంగా విదేశీ యాత్ర ఏమిటి, ఉచితంగా వచ్చినదానికి విలువేముంటుంది అన్నారు. ఆ మాట చెవికెక్కింది ఇద్దరు సంపన్నులకు: కెనడాకు చెందిన చార్లెస్ బ్రాన్ఫ్‌మన్, న్యూయార్క్‌లో ఫండ్ నడిపిన మైకేల్ స్టైన్‌హార్ట్. ఇందులో స్టైన్‌హార్ట్ తాను నాస్తికుణ్ణని బాహాటంగా చెప్పుకునే మనిషి. మతం కాదు, జాతి అనే భావన నిలబడాలన్నది ఆయన పట్టుదల. దాతలు ఒక వాటా, ఇజ్రాయెల్ ప్రభుత్వం ఒక వాటా, వివిధ దేశాల్లోని యూదు సంఘాలు ఒక వాటా వేసుకునేలా ఏర్పాటు కుదిరింది.

తర్వాతి కాలంలో అతిపెద్ద దాతగా వచ్చినవాడు లాస్ వెగాస్ కాసినోల యజమాని షెల్డన్ ఏడెల్సన్. ఆయన కుటుంబం ఇచ్చింది 40 కోట్ల డాలర్ల పైమాటే. 2021లో చనిపోయిన ఏడెల్సన్ ఇజ్రాయెల్ నాయకుడు నెతన్యాహుకు గట్టి మద్దతుదారుగా, పాలస్తీనా రాజ్యం అన్న ఊహకే వ్యతిరేకిగా ఉండేవాడు. అంటే శాంతి ఒప్పందం కోసం రాత్రింబవళ్లు తిరిగిన మనిషి నాటిన మొక్కకు, ఆ ఒప్పందాన్నే ఒప్పుకోని మనిషి నీళ్లు పోశాడు. ఈ యాత్రను ఎవరో ఒక్కరు కుట్ర పన్ని తయారుచేశారనే వాళ్లకు ఈ చరిత్ర అడ్డం వస్తుంది. రాజకీయాలకు సంబంధమే లేని విహారయాత్ర అనే వాళ్లకూ ఇదే అడ్డం వస్తుంది.

తమ జాతి పిల్లల్ని పిలిచి దేశం చూపించడం ఇజ్రాయెల్ ఒక్కటే చేసే పని కాదు. తైవాన్ కొన్ని దశాబ్దాల పాటు విదేశాల్లోని చైనీస్ కుటుంబాల పిల్లలకు వేసవి యాత్ర నడిపింది. అక్కడ జంటలు కుదిరిన తీరు చూసి పిల్లలే దానికి ‘లవ్ బోట్’ అని పేరు పెట్టుకున్నారు. ఆర్మేనియన్లకూ ఇలాంటి కార్యక్రమం ఉంది. మన విదేశాంగ శాఖ కూడా ప్రవాస భారతీయుల పిల్లల కోసం ‘నో ఇండియా ప్రోగ్రామ్’ నడుపుతోంది. సుమారు మూడు వారాలు, విమాన ఛార్జీలో 90 శాతం వెనక్కి. అయితే పదిరోజుల్లో మనిషి లోపల ఇంత కదలిక తెచ్చే పకడ్బందీ ఇంకెక్కడా కనిపించదు.

బస్సులో ఏం జరుగుతుంది

వెళ్లొచ్చినవాళ్లను ఏది గుర్తుండిపోయిందని అడిగితే, ఏదో ఒక గుడో కోటో చెబుతారనుకుంటాం. చాలామంది చెప్పేది ‘మా బస్సు’ గురించి. మేము ఫలానా నంబరు బస్సు అని ఏళ్ల తర్వాత కూడా చెప్పుకుంటారు.

బస్సుకు నలభై మంది దాకా ఉంటారు. ఒక ఇజ్రాయెలీ గైడ్, వచ్చిన దేశం నుంచే ఇద్దరు పెద్ద పిల్లలు సంరక్షకులుగా, తుపాకీ పెట్టుకున్న ఒక కాపలాదారు. కాపలాదారుకీ వయసు ఇరవై రెండో ఇరవై మూడో. రోజుకు నాలుగైదు చోట్లు. సాయంత్రం అందరూ వలయంగా కూర్చుని ఈ రోజు నీకు ఏమనిపించింది అని ఒకరి తర్వాత ఒకరు చెప్పడం. నిద్ర తక్కువ, నడక ఎక్కువ, ఇంటికి దూరం, చుట్టూ తన ఈడువాళ్లే. కాలేజీలో ఏడాదికి పుట్టే స్నేహం ఇక్కడ మూడో రోజుకే పుడుతుంది. తన ఊళ్లో ఒక్కగానొక్క యూదు పిల్లగా పెరిగి, డిసెంబరులో క్రిస్మస్ చెట్టు లేని ఇల్లు తమదొక్కటే అని చిన్నతనంలో చిన్నబోయిన అమ్మాయికి, మొదటిసారి ఎవరికీ ఏమీ వివరించాల్సిన అవసరం లేని చోటు దొరుకుతుంది. పన్నెండు పదమూడేళ్లకు పిల్లలు మతపరంగా పెద్దవాళ్లయ్యారని జరిపే బార్ మిట్స్వా (అబ్బాయిలకు), బాట్ మిట్స్వా (అమ్మాయిలకు) ఇంట్లో జరగని వాళ్లకు ఈ యాత్రలోనే ఆ తంతు చేస్తారు. కొందరు హీబ్రూ పేరు పెట్టుకుంటారు. బస్సు మొత్తం చుట్టూ నిలబడి పాడుతుంది, ఎగురుతుంది. ఇది చిన్న సంగతేమీ కాదు. ఒక మనిషికి తనవాళ్లు దొరకడాన్ని బ్రెయిన్‌వాష్ అనే ఒక్క మాటతో తుడిచేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇక అసలు కీలకం సైనికులు. యాత్రలో కొన్ని రోజులో, మొత్తం పది రోజులో, అరడజనుకు పైగా ఇజ్రాయెలీ యువతీయువకులు బస్సులో కలుస్తారు. ఎక్కువమంది అప్పటికి సైన్యంలో ఉన్నవాళ్లే. దీన్ని ‘మిఫ్‌గాష్’ అంటారు, కలయిక అని. ఇజ్రాయెల్‌లో పద్దెనిమిదేళ్లు నిండిన యూదు అబ్బాయిలకూ అమ్మాయిలకూ సైనిక సేవ తప్పనిసరి. అమెరికా నుంచి వచ్చిన కుర్రాడు పరీక్షల గురించి, ఇంటర్న్‌షిప్ గురించి దిగులు పడుతుంటాడు. పక్క సీట్లో అదే వయసు కుర్రాడు చెక్‌పోస్టులో డ్యూటీ నుంచి వచ్చాడు. ఇద్దరికీ ఇష్టమైన పాటలు ఒకటే. నా తాత పోలండ్ నుంచి ఓడెక్కి ఇటు రాకుండా అటు వెళ్లి ఉంటే వీడి చోట్లో నేనుండేవాణ్ని కదా అన్న ఆలోచన అక్కడే పుడుతుంది. ఎంత పెద్ద ఉపన్యాసం విన్నా ఆ ఆలోచన రాదు.

జెరూసలేంలో హెర్జెల్ కొండ మీద సైనిక శ్మశానం ఉంది. అక్కడ ఒక సమాధి దగ్గర దాదాపు ప్రతి బస్సూ ఆగుతుంది. అమెరికాలో పుట్టి, ఇజ్రాయెల్‌కు వచ్చి సైన్యంలో చేరి, 2006 లెబనాన్ యుద్ధంలో 22 ఏళ్లకే చనిపోయిన కుర్రాడిది. యూదుల సమాధుల మీద మామూలుగా చిన్న రాళ్లు పెడతారు. ఈ సమాధి మీద రాళ్లతో పాటు బేస్‌బాల్ టోపీలు పేరుకుపోయి ఉంటాయి. వచ్చినవాళ్లు నెత్తి మీది టోపీ తీసి పెట్టి వెళ్తారు. గైడ్ మాట్లాడడం ఆపేస్తాడు. బస్సులోని ఇజ్రాయెలీ సైనికుల్లో ఎవరో ఒకరు ఇక్కడే మరో వరసలో ఉన్న తన స్నేహితుడి గురించి నాలుగు మాటలు చెబుతారు. చెబుతూ గొంతు పూడుకుపోతుంది.

అదే కొండ అవతలి వాలు మీద హోలోకాస్ట్ స్మారకం యాద్ వషేమ్ ఉంది. రెంటినీ కలుపుతూ ఒక కాలిబాట కూడా ఉంది. యాద్ వషేమ్ లోపల పిల్లల స్మారకం ఒక చీకటి గది. కొద్దిపాటి దీపాల వెలుగు అద్దాల్లో పడి, లెక్కలేనన్ని చుక్కలుగా చెదిరి కనిపిస్తుంది. చంపబడ్డ పిల్లల పేర్లు, వయసు, దేశం ఒక గొంతు చదువుతూ ఉంటుంది. అలాంటి పిల్లలు 15 లక్షల మంది. ప్రధాన మ్యూజియం ఒక పొడవాటి కాంక్రీటు సొరంగంలా ఉంటుంది. గెట్టోలు (నాజీలు యూదుల్ని కుక్కిన పేటలు), క్యాంపులు అన్నీ దాటుకుంటూ నడిచి నడిచి చివరికి వస్తే, గోడలు రెండు పక్కలకూ విచ్చుకుని ఎదురుగా జెరూసలేం కొండలు పచ్చగా కనిపిస్తాయి. మాట లేకుండానే ఆ కట్టడం ఒక వాదన వినిపిస్తుంది: ఆ చీకటికి జవాబు ఈ నేల.

ఆ చివర నిలబడ్డ ఇరవై ఏళ్ల పిల్లకు ఆ జవాబు తిరుగులేనిదిగా తోస్తుంది. కానీ ఆ కొండల్లోనే, అక్కడికి దగ్గర్లోనే, దేర్ యాసిన్ అనే పాలస్తీనా గ్రామం ఉండేది. 1948 ఏప్రిల్ 9న యూదు సాయుధ దళాలు అక్కడ వందమందికి పైగా గ్రామస్థుల్ని చంపాయి. అటు చూపుడు వేలు చూపించి ఆ పేరు చెప్పే గైడ్లు అరుదు.

బస్సు వెళ్లని దారులు

మొదట చెప్పిన డేరా దగ్గరికి మళ్లీ వస్తాను. అది ఎడారి అరబ్బు తెగలైన బెదూయిన్ల ఆతిథ్యం పేరుతో నడిచే బస. ఒంటె మీద ఒక చుట్టు, తీపి టీ, పళ్లెం నిండా అన్నం, మాంసం, అతిథి మర్యాద గురించి ఒక పెద్దాయన మాటలు. చాలా బస్సుల్లో వాళ్లకు అరబ్బులతో తీరిగ్గా మాట్లాడే అవకాశం వచ్చేది ఈ ఒక్క రాత్రే. ఆ ఎడారిలోనే ప్రభుత్వం గుర్తించని బెదూయిన్ ఊళ్లు పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటికి కరెంటు లైను లేదు, కుళాయి నీళ్లు లేవు, కట్టుకున్న ఇంటిని ఎప్పుడు కూలుస్తారో తెలియదు. టీ పోసినవాళ్ల బతుకు ఏమిటో టీ తాగినవాళ్లకు తెలియకుండానే తెల్లవారిపోతుంది, మసాదాకు వేళవుతుంది.

యాత్రలో గోలన్ కొండలకు వెళ్తారు. 1967లో సిరియా నుంచి ఇజ్రాయెల్ స్వాధీనం చేసుకుని, 1981లో తన చట్టం కిందకు తెచ్చుకున్న నేల అది. అక్కడి నుంచి సరిహద్దు అవతలికి చూస్తే ఇజ్రాయెల్ ఎంత చిన్న దేశమో, ఎంత భయం గుప్పిట్లో ఉందో కళ్లకు కడుతుంది. 1967 నుంచే ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లోని పాలస్తీనా ఊళ్లకు మాత్రం బస్సు వెళ్లదు. భద్రత ఒక కారణంగా చెబుతారు, అది నిజమైన కారణమే. పది రోజుల్లో పరిచయం చేయడమే మా పని, గొడవలన్నీ నేర్పడం కాదు అని కూడా నిర్వాహకులు అంటారు. అందులోనూ కొంత న్యాయం ఉంది. అయితే పరిచయంలో ఏది ముందు చూపిస్తాం, ఏది వదిలేస్తాం అన్నది మనం చేసే ఎంపికే. ఆ వదిలేసిన భాగం లక్షల మంది మనుషులైనప్పుడు, పెద్దయ్యాక తెలిసిన పిల్లలు మోసపోయామనుకుంటారు. కొందరు అనుకున్నారు కూడా.

జన్మహక్కు అన్న మాట ఇక్కడే గుచ్చుకుంటుంది. 1950 నాటి పునరాగమన చట్టం ప్రకారం ఏ దేశంలో పుట్టిన యూదుడైనా ఇజ్రాయెల్‌కు వచ్చి పౌరుడు కావచ్చు. 1970 సవరణతో తాతామామ్మల్లో ఒక్కరు యూదులైనా చాలు. ఒహాయోలో పుట్టి, హీబ్రూ ఒక్క ముక్క రాని కుర్రాడికి ఆ హక్కు ఉంది. 1948 యుద్ధంలో ఊళ్లు వదిలి పోయిన, వెళ్లగొట్టబడిన సుమారు 7 లక్షల పాలస్తీనియన్లకు, వాళ్ల పిల్లలకు, జేబులో పాత ఇంటి తాళంచెవి ఉన్నా, తిరిగొచ్చే హక్కు లేదు. యాత్రలో ఇచ్చే చొక్కా మీద జన్మహక్కు అని చూసినప్పుడు అవతలివాళ్లకు ఎలా ఉంటుందో, చొక్కా వేసుకున్న పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి.

2018 జూన్‌లో ఈ అసంతృప్తి బస్సులోపలే బద్దలైంది. ఐదుగురు అమ్మాయిలు యాత్ర చివరి రోజున బస్సు దిగిపోయారు. ఆక్రమణను విమర్శించే మాజీ ఇజ్రాయెలీ సైనికులు నడిపే ‘బ్రేకింగ్ ద సైలెన్స్’ సంస్థతో కలిసి వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రోన్ నగరం చూడ్డానికి వెళ్లారు. దిగేటప్పుడు జరిగిన వాదనంతా ఫోన్‌లో లైవ్‌లో పెట్టారు. పది రోజులుగా ప్రశ్నలు అడుగుతున్నాం, జవాబు రావడం లేదన్నది వాళ్ల ఫిర్యాదు. బస్సులో మిగిలినవాళ్లలో కొందరికి ఒళ్లు మండింది. ఉచితంగా తీసుకొస్తే, పది రోజులు మాతో తిని తిరిగి, చివర్లో కెమెరా ముందు ఈ నాటకమా అన్నారు. నన్నడిగితే రెండు వైపులా బాధ ఉంది. ముందే అనుకుని వచ్చారన్న అనుమానం పక్కవాళ్ల నమ్మకాన్ని దెబ్బతీసింది. అదే సమయంలో, సొంత పెద్దల్ని ప్రశ్న అడగడం యూదు సంప్రదాయంలో తప్పు కాదు. పస్కా పండగ విందులో చెప్పుకునే విముక్తి కథే ఇంట్లో అందరికన్నా చిన్నపిల్లాడు నాలుగు ప్రశ్నలు అడగడంతో మొదలవుతుంది. మరుసటి ఏడాది జే స్ట్రీట్ అనే అమెరికా యూదు సంస్థ పాలస్తీనియన్లతో సమావేశాలు కూడా కలిపి ఒక ఉచిత యాత్ర వేసింది. దానికి డబ్బుగానీ, బస్సుల సంఖ్యగానీ బర్త్‌రైట్‌తో పోల్చదగ్గవి కావు.

యూదులంటే ఎవరు?

బస్సులో ఎక్కువగా బయటకు రాని చిక్కు ఇంకొకటి ఉంది. యాత్రకు తల్లిదండ్రుల్లో ఒక్కరు యూదులైతే చాలు. సంప్రదాయ మత ధర్మం మాత్రం తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదు అంటుంది. తండ్రి మాత్రమే యూదుడైన అమ్మాయిని బస్సు అక్కున చేర్చుకుంటుంది, నువ్వు మా అమ్మాయివే అంటుంది. ఆ మాట నమ్మి ఆమె ఇజ్రాయెల్‌కు మారిపోతే పౌరసత్వం వస్తుంది, సైన్యంలో చేరమంటారు. అక్కడ ఒక యూదు అబ్బాయిని పెళ్లి చేసుకోబోతే మాత్రం కుదరదు. ఇజ్రాయెల్‌లో రిజిస్టరు పెళ్లిళ్లు లేవు, పెళ్లి మతపెద్దల చేతిలోనే ఉంది. వాళ్ల దృష్టిలో ఆమె యూదురాలు కాదు. చాలామంది ఇలాంటి జంటలు సైప్రస్‌కు వెళ్లి పెళ్లి చేసుకుని వస్తారు. పది రోజులు నువ్వు మాదానివే అని విన్న పిల్లకు, ఆ మాటకు షరతులున్నాయని తెలిసే రోజు ఎంత కఠినంగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ ప్రశ్న మన గుంటూరు జిల్లాలోనూ ఉంది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. తాము ఇజ్రాయెల్ చరిత్రలో తప్పిపోయిన పది గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి వాళ్లమని వాళ్ల నమ్మకం. అంతకు ముందు తరాల్లో వాళ్లు క్రైస్తవులు, అంతకు ముందు నుంచీ మాదిగ సామాజిక వర్గం వాళ్లు. 1991లో సినగాగ్ పెట్టుకున్నారు. శనివారం విశ్రాంతి పాటిస్తారు, పిల్లలు తెలుగుతో పాటు హీబ్రూ అక్షరాలు దిద్దుకుంటారు. మణిపూర్, మిజోరాంలలోని బెనె మెనాషే సమాజానికి 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో (యూదు మతగురువుల్లో) ఒకరి గుర్తింపు దొరికింది, వేల మంది అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. కొత్తరెడ్డిపాలేనికి ఆ గుర్తింపు రాలేదు. న్యూయార్క్‌లో సినగాగ్ ముఖం చూడని కుర్రాడికి ఊరికే అందే ప్రయాణం, ప్రతి శుక్రవారం సాయంత్రం దీపం వెలిగించే ఇంట్లో పుట్టిన మన తెలుగు కుర్రాడికి అందదు. తప్పు ఆ కుర్రాళ్లలో ఎవరిదీ కాదు. హక్కు పుట్టుకతో వస్తుందని ఎవరు చెప్పినా, ఆ పుట్టుకను నమోదు చేసే పుస్తకం ఒకటి వేరేచోట ఎవరి చేతిలోనో ఉంటుంది.

యాత్ర అయ్యాక

ఈ యాత్ర పనిచేస్తోందా అని నిర్వాహకులు పెట్టుకున్న కొలమానంతో చూస్తే, చేస్తోంది. బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో లెనర్డ్ సాక్స్ బృందం ఏళ్ల తరబడి దీన్ని పరిశీలించింది. దరఖాస్తు చేసి వెళ్లినవాళ్లనూ, దరఖాస్తు చేసినా వెళ్లని వాళ్లనూ పోల్చింది. వెళ్లినవాళ్లు యూదుల్నే పెళ్లి చేసుకోవడం, ఇజ్రాయెల్‌తో అనుబంధం ఉందని చెప్పడం ఎక్కువని తేలింది. పేచీ వచ్చేది అనుబంధం అన్న మాట దగ్గరే. ఇజ్రాయెల్‌ను ప్రేమించడానికీ, అక్కడి ప్రభుత్వం చేసే ప్రతి పనికీ తలూపడానికీ మధ్య దూరం ఉంది. వెళ్లొచ్చినవాళ్లలోనే ఆ ప్రభుత్వాన్ని గట్టిగా విమర్శించేవాళ్లు ఎందరో ఉన్నారు. మనకు పట్టనిదాని మీద మనకు కోపం రాదు కదా.

2023 అక్టోబరు 7న హమాస్ దాడి తర్వాత యాత్రలు ఆగిపోయాయి. సుమారు 1,200 మంది చనిపోయిన రోజు అది. ఆ తర్వాత గాజాలో పదుల వేల మంది పాలస్తీనియన్లు చనిపోయారు. అమెరికా కాలేజీల్లో ఆ యుద్ధం మీద ప్రతి గదిలో గొడవ నడుస్తుండగానే, 2024 మొదట్లో బస్సులు మళ్లీ కదిలాయి. కొందరు పొలాల్లో పనివాళ్లు లేక కాయలు రాలిపోతుంటే కోత కోయడానికి వెళ్లారు. వారం ముందు దాకా క్యాంపస్‌లో ఎవరికీ తెలియకుండా మెడలోని దావీదు నక్షత్రాన్ని (యూదుల గుర్తు) చొక్కా లోపలికి తోసుకున్న పిల్లలకు, ఇక్కడ దాన్ని బయట వేసుకుని తిరగడమే పెద్ద ఊరట. ఆ ఊరటను నేను తక్కువ చేసి చూడలేను. కొద్ది గంటల ప్రయాణ దూరంలో గాజాలో ఏం జరుగుతోందన్న ప్రశ్ననూ పక్కన పెట్టలేను.

2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ మధ్య యుద్ధం మొదలైంది. విమానాశ్రయం మూతపడింది. బర్త్‌రైట్ మీద వచ్చిన వేలాది మంది చిక్కుకుపోయారు. సైరన్ మోగినప్పుడల్లా హోటల్ షెల్టర్లలోకి పరుగు, బయటికి వచ్చి ఇంటికి ఫోన్, మళ్లీ సైరన్. ఇన్నాళ్లూ గైడ్ నోట విన్నది ఇప్పుడు చెవులతో విన్నారు. చివరికి ఒక క్రూయిజ్ ఓడ మాట్లాడి, సుమారు 1,500 మందిని అష్డోద్ రేవు నుంచి మధ్యధరా సముద్రం మీదుగా సైప్రస్‌లోని లార్నకాకు చేర్చారు. అక్కడి నుంచి విమానాల్లో ఇళ్లకు.

లార్నకాకు పక్కనే దెకేలియా దగ్గర 1940ల్లో ముళ్లకంచె వేసిన శిబిరాలుండేవి. నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడి, ఓడలెక్కి పాలస్తీనాకు వస్తున్న యూదుల్ని అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం సముద్రం మీదే ఆపి, 1946 నుంచి 1949 దాకా సైప్రస్‌లోని ఇలాంటి శిబిరాల్లో బంధించింది. మొత్తం 50 వేల మందికి పైగా. వాళ్లలో చాలామంది వయసు ఈ బస్సు పిల్లల వయసే. అప్పుడు వాళ్లను ఏ ఒడ్డుకు చేరకుండా ఆపేశారో, ఆ ఒడ్డు నుంచే వీళ్లను బయటకు పంపారు, అదే సముద్రం మీద, అదే ద్వీపానికి.